గోదావరిలో మోటారు బిగించిన గాలి పడవ నడపాలంటే: కాగితాలు, జాగ్రత్తలు

ప్రశ్న హనుమకొండ నుంచి వచ్చింది. మూడు మీటర్ల గాలి పడవ (గాలి నింపి వాడేది), 5 హార్స్‌పవర్ పెట్రోల్ మోటారు కొన్నారు. ఏటూరునాగారం వైపు గోదావరిలో, కరీంనగర్ దగ్గర మానేరులో సరదాగా తిప్పాలని ఉంది. లైసెన్స్ కావాలా, నలుగురం ఎక్కొచ్చా అని అడిగారు.

ముందు కాగితాల సంగతి. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇప్పుడు ఇన్‌ల్యాండ్ వెసెల్స్ యాక్ట్, 2021 ఉంది. తెడ్లతో నడిపినంతకాలం మీది మామూలు పడవ. మోటారు బిగించిన క్షణం నుంచి అది యంత్రశక్తితో నడిచే పడవల లెక్కలోకి వస్తుంది. అప్పుడు సర్వే (పడవ తనిఖీ), రిజిస్ట్రేషన్, బీమా మూడూ చూసుకోవాలి. గాలి తీస్తే కారు డిక్కీలో పడుతుంది కదా అన్న వాదన అక్కడ నిలవదు. పెట్రోల్ బదులు బ్యాటరీ మోటారు పెట్టినా నీళ్లలో ఫ్యాన్ (ప్రొపెల్లర్) తిప్పేది యంత్రమే. మీ కారు డ్రైవింగ్ లైసెన్స్‌కు నీళ్ల మీద విలువ లేదు. మోటారు పడవ నడపడం పద్ధతిగా నేర్చుకోవాలంటే గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో శిక్షణ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఏ ఆఫీసులోనైనా మీ మాటకు బరువు ఉంటుంది.

దరఖాస్తుకు ముందు ఇవి సిద్ధం చేసుకోండి: పడవకూ మోటారుకూ వేరువేరుగా ఇన్‌వాయిస్‌లు, మోటారు సీరియల్ నంబర్ ఫోటో, పడవ వెనక చెక్క మీద ఉండే హల్ నంబర్ (పడవ గుర్తింపు సంఖ్య) ఫోటో, ఎంతమంది, ఎన్ని కిలోలు, గరిష్ఠంగా ఎంత హార్స్‌పవర్ అని రాసి ఉన్న ప్లేట్ ఫోటో. విదేశీ సరుకైతే కస్టమ్స్ కాగితం కూడా. సెకండ్‌హ్యాండ్‌లో ఈ ప్లేట్ ఊడిపోయిన పడవలు చవకగా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. సంబంధిత అధికారి ఎవరో కలెక్టరేట్‌లో కనుక్కొని, దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. కాళేశ్వరం దగ్గర అవతలి ఒడ్డు మహారాష్ట్రది కాబట్టి ఇది మనకు పనికొచ్చే విషయం.

రిజిస్ట్రేషన్ ఉంటే ఎక్కడ పడితే అక్కడ దింపొచ్చని కాదు. ప్రాజెక్టుల నీళ్లలోకి దిగాలంటే నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. ఏటూరునాగారం, పాకాల, ప్రాణహిత అభయారణ్యాల పరిధిలో అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. మంథని వైపు శివారం అభయారణ్యం మొసళ్ల కోసమే ఉంది, అక్కడ గాలి పడవ ఆలోచనే వద్దు. చెరువుల్లో అయితే మత్స్యకారుల సహకార సంఘం వాళ్లను ముందుగా కలవండి. చేపలు వాళ్లవి, వలలు వాళ్లవి. పైగా ఏ మూల ఎంత లోతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాప్‌కూ తెలియదు. డబ్బులు తీసుకొని ఎవరినీ ఎక్కించుకోవద్దు, అది పూర్తిగా వేరే వ్యవహారం.

ఇక నది. ఇంటర్నెట్‌లో పాత వీడియోలు చూసి మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల వెనక నిండుగా నీళ్లుంటాయని బయల్దేరకండి. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పియర్లు (స్తంభాలు) కుంగిన తర్వాత ఆ బ్యారేజీల్లో నీళ్లు నిలపడం ఆపేశారు. ఎండాకాలంలో అక్కడ కనిపించేవి ఇసుక మేటలూ, వాటి మధ్య సన్నటి పాయలూ. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు పోతుంది. పడవ మేటకు తగిలినప్పుడు దిగి నెట్టాలనుకుంటే తెడ్డుతో లోతు చూశాకే దిగండి, జాకెట్ విప్పకుండానే.

వానకాలంలో గోదావరి, ప్రాణహితల్లోకి దిగొద్దు. ఇక్కడ వాన చుక్క పడకపోయినా వార్ధా, వైన్‌గంగల మీద కురిసింది ప్రాణహిత మీదుగా కాళేశ్వరం చేరుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఏ కాలంలోనైనా సరే, ఒడ్డున పది మీటర్లు కొలిచి ఒక పుల్ల నీళ్లలో వేసి, అది ఎన్ని సెకన్లలో దాటుతుందో చూడండి. పది సెకన్లు పడితే ప్రవాహం గంటకు 3.6 కిలోమీటర్లు, నడపొచ్చు. అయిదు సెకన్లలో దాటితే 7.2. ముగ్గురు ఎక్కిన మీ పడవ 5 హార్స్‌పవర్‌తో 8, 9 కిలోమీటర్ల వేగం మించదు. అంటే ఎదురు వెళ్లేటప్పుడు మోటారు అరుస్తుంది కానీ ఒడ్డు కదలదు. అలాంటి రోజు దింపకండి. నీళ్లు బాగున్న రోజు కూడా ముందు ఎగువకే వెళ్లండి. మోటారు ఆగిపోయినా ప్రవాహమే మిమ్మల్ని బయల్దేరిన రేవు వైపు తెస్తుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది చెక్‌డ్యామ్‌ల గురించి. మానేరు మీద ఇవి వరుసగా ఉన్నాయి. పైనుంచి చూస్తే నీళ్లు నున్నగా, మత్తడి మీదుగా మోకాలెత్తు కూడా దుంకనట్టు కనిపిస్తాయి. కింద పడిన నీరు అడుగున ముందుకు పోతుంది, పైపొర మాత్రం వెనక్కి తిరిగి గోడ వైపే లాగుతుంది. అందులో చిక్కిన పడవను, మనిషిని మళ్లీ మళ్లీ దుంకే నీటి కిందికే తోస్తుంది. ఆ నీళ్లు నురగతో, గాలితో నిండి ఉంటాయి కాబట్టి జాకెట్ పూర్తిగా తేల్చలేదు, మోటారు ఫ్యాన్‌కు పట్టు దొరకదు. ఎంత ఈత వచ్చినా లాభం లేదు. కాబట్టి మత్తడికి ఎగువన కనీసం 200 మీటర్లు దూరంగా ఉండండి, దిగువ నుంచి దగ్గరికి అసలు పోకండి. గేట్లున్న ప్రాజెక్టుల దిగువన అయితే సైరన్ వినిపించే లోపే నీళ్లు రావచ్చు. అక్కడ పడవ నడపకపోవడమే సరైనది.

నలుగురు ఎక్కొచ్చా? ప్లేట్ మీద నాలుగు అని ఉన్నా, పారే నీళ్లలో ముగ్గురే ఎక్కండి. ఆ అంకె నిలకడ నీళ్లకు వేసుకున్న లెక్క. మోటారు 20 కిలోల పైనే ఉంటుంది, దాని మీద పెట్రోల్, లంగరు, సామాను. ఒక్కరే నడిపేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. బరువంతా వెనకే ఉండి ముందు భాగం లేస్తుంది, ఎదురుగాలి దాని కిందికి దూరితే పడవ వెనక్కి తిరగబడుతుంది. పెట్రోల్ డబ్బా, లంగరు ముందు వైపు కట్టి, వేగం నెమ్మదిగా పెంచండి.

గాలి విషయంలో కంటిచూపు, వేలితో నొక్కి చూడడం చాలవు, గేజ్ వాడండి. పీవీసీ పడవల పక్క ట్యూబులకు సాధారణంగా 0.25 బార్ ఒత్తిడి. గాలి నింపే నేలకు (ఎయిర్ డెక్) 0.7 నుంచి 0.8 దాకా. పొద్దున 25 డిగ్రీల్లో 0.25 నింపి ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 50 డిగ్రీలకు చేరేసరికి అది 0.35 దగ్గరకు పోతుంది. మే నెల ఎండలో అతుకులు విచ్చుకునేది ఇందుకే. నీళ్లలో దింపాక చల్లబడి మళ్లీ తగ్గుతుంది, మెత్తబడిన పడవ మధ్యలో వంగి నీళ్లు తోడుకుంటుంది. కాబట్టి ఒడ్డున ఒకసారి, నీళ్లలో పది నిమిషాలు ఉంచాక ఇంకోసారి గేజ్ పెట్టండి. తిరిగి ఒడ్డుకు లాగాక కొంచెం గాలి వదలండి. చిల్లు పడితే సైకిల్ ట్యూబు సొల్యూషన్ పూయకండి, పీవీసీ మీద అది నిలవదు. రెండు భాగాలు కలిపే పీవీసీ జిగురు వాడి, చిల్లు చుట్టూ అయిదు సెంటీమీటర్లు దాటేలా ప్యాచ్ వేసి, ఒక రోజంతా ఆరనివ్వాలి.

మోటారు మరలు ప్రకంపనలకు వదులవుతాయి. చేత్తో బిగించి, పైన ఒక తాడుతో వెనక చెక్కకు కట్టేయండి. ఫ్యాన్ పైనున్న పలక పడవ అడుగు కంటే రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉండాలి. అంతకంటే పైన ఉంటే ఫ్యాన్ గాలి పీల్చి ఉత్తినే తిరుగుతుంది. మోటారును వెంటనే ఆపే కిల్ స్విచ్ తాడు నడిపేవాళ్ల మణికట్టుకు ఎప్పుడూ ఉండాలి. మనిషి నీళ్లలో పడితే ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి, ఫ్యాన్‌తో వాళ్ల మీదికే వస్తుంది. స్టార్ట్ చేయగానే వెనక సన్నటి నీటి ధార పడుతుందా చూడండి. అది ఆగిందంటే గుర్రపుడెక్కో, పాలిథిన్ కవరో, ఇసుకో నీళ్లు పీల్చే రంధ్రాలను మూసేసింది. వెంటనే ఆపకపోతే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) కాలిపోతుంది.

ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, థర్మోకోల్ ముక్కలు వరుసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టే. చుట్టుతిరిగి వెళ్లండి. వల చుట్టుకుంటే మోటారు ఆపి, కిల్ స్విచ్ తాడు తీసేసి, మోటారును పైకెత్తి పడవలో ఉండే కోయండి. వల ఎవరిదో కనుక్కొని దాని ఖరీదు ఇచ్చి రండి. రేపు మీరు ఆపదలో పడితే ముందు తెప్ప వేసుకొని వచ్చేది ఆ మనిషే.

లంగరు 3 కిలోలది, తాడు 30 మీటర్లు. దాన్ని ముందు కొక్కేనికే కట్టాలి. వెనక కడితే ప్రవాహం వెనక చెక్క మీదుగా పడవలోకి ఎక్కి నిమిషంలో ముంచుతుంది. తెడ్లు రెండు, కత్తి, విజిల్, నీళ్లు తోడే డబ్బా, స్పేర్ ప్లగ్, పానా, తడవని సంచిలో ఫోన్ లేకుండా రేవు దాటొద్దు. అత్యవసర నంబర్ 112.

లైఫ్ జాకెట్ ఒంటి మీద, బకిల్ వేసి ఉండాలి, కింద సీటు మీద కాదు. పెద్దవాళ్లకు 100 న్యూటన్ల తేల్చే శక్తి ఉన్నది, పిల్లలకు వాళ్ల బరువుకు సరిపోయే సైజు, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటులో మన హనుమకొండ పక్కనున్న కడిపికొండ వాళ్లున్నారు, చాలామంది తిరిగి రాలేదు. ఈ విషయంలో ఎవరితోనూ మొహమాటపడకండి. జాకెట్ వద్దన్న మనిషిని ఒడ్డునే దించేయండి.

పెట్రోల్‌లో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా. టూ స్ట్రోక్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్ల టీసీ డబ్ల్యూ 3 (పడవ మోటార్ల రకం) ఆయిల్, కొత్త మోటారుకు మొదట్లో కంపెనీ చెప్పినట్టు ఇంకా ఎక్కువ. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. ఇంటికి తెచ్చాక పెట్రోల్ కాక్ మూసి, శుభ్రమైన నీళ్ల డ్రమ్ములో మోటారు నడిపి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఉంచండి. లేకపోతే వచ్చే సీజన్‌కు కార్బొరేటర్‌లోని సన్నటి రంధ్రం (జెట్) మూసుకుపోయి తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు.