కవలల కోసం ఎదురుచూస్తున్న తండ్రికి

చిరంజీవికి,

ఆశీస్సులు. కోడలి కడుపులో కవలలు ఉన్నారనీ, ఇద్దరికీ ఒకటే మాయ (ప్లాసెంటా) అనీ, డాక్టరు గారు దీనిని ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న గర్భంగా చూస్తున్నారనీ నువ్వు రాసిన ఉత్తరం చేరింది. చివర "నేను చేయగలిగింది ఏమీ లేదు బాబాయ్" అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. మోసేది ఆమే అయినా, ఈ తరహా గర్భంలో గమనించి రాసిపెట్టుకునే మనిషి ఒకరు పక్కన ఉండటం చాలా అవసరం, ఆ మనిషివి నువ్వే కావాలి.

మాయ ఒకటా రెండా అన్నది 14 వారాల లోపు తీసిన స్కానింగులోనే బాగా తెలుస్తుంది, ఆ తరువాత తేల్చి చెప్పడం కష్టమవుతుంది. కనుక ఆ తొలి రిపోర్టును భద్రపరచి, ఏ కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందుగా అదే చూపించు. పిల్లలు ఒకే పోలికతో పుడతారా అన్నది చుట్టాల కుతూహలం. వైద్యానికి కావలసింది మాయల లెక్క. ఒకే మాయ ఉన్నప్పుడు అందులోని రక్తనాళాలు ఇద్దరు శిశువుల మధ్య కలిసి ఉంటాయి. ఇటువంటి గర్భాలలో 10 నుంచి 15 శాతం వాటిలో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డవైపు ఎక్కువగా తరలిపోయి, ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది, పుచ్చుకునే బిడ్డ చుట్టూ అది పెరిగిపోయి ఆ బిడ్డ గుండె మీద భారం పడుతుంది. 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగు చేయించమనేది ఇందుకే. సకాలంలో కనిపెడితే, కడుపులో ఉండగానే ఆ నాళాలను లేజరుతో మూసివేసే చికిత్స ఉంది. కాబట్టి ఏ పని ఉన్నా ఒక్క స్కానింగు కూడా వాయిదా వేయనివ్వకు. మధ్యలో పొట్ట ఉన్నట్టుండి బిగువుగా పెరిగినా, ఆయాసం వచ్చినా తరువాతి తేదీ కోసం ఆగవద్దు.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి స్కానింగులో ఇద్దరి అంచనా బరువులూ, ఉమ్మనీటి లోతులూ, ఇద్దరి మూత్రాశయాలూ కనిపించాయా లేదా అన్నదీ విడివిడిగా రాయి. బరువుల మధ్య తేడా పెరుగుతూ ఉంటే అది నీ కంటికే కనిపిస్తుంది, అప్పుడు అడగవలసిన ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లందరూ, మా తరం వాళ్లం మరీ ఎక్కువగా, ఆమెను మంచం దిగవద్దంటాం. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఆ మాట పాటించకు. ఊరికే పడుకుని ఉండటం వల్ల నెలలు నిండకుండా వచ్చే కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మమ్మల్ని నొప్పించకుండా సర్దిచెప్పడం నీ పని.

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. ఒకే మాయ ఉన్నవారికి ఏ ఇబ్బందీ లేకపోయినా సాధారణంగా 36వ వారం దాటాక త్వరలోనే కాన్పు చేస్తారు. అందుకే పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తేల్చుకుని, వీలైతే ఒకసారి లోపలికి వెళ్లి చూసి రా. ఆ యంత్రాలనూ గొట్టాలనూ మొదటిసారి సొంత బిడ్డ ఒంటి మీద చూడటం కన్నా అది నయం. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తెరలు తెరలుగా నొప్పులు, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే బయలుదేరు. తలనొప్పి, మసక కవలల తల్లులలో ఎక్కువగా వచ్చే బీపీ జబ్బుకు గుర్తులు కావచ్చు. తొందరగా కాన్పు అయ్యేట్టుంటే పిల్లల ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, అవి పూర్తిగా పని చేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కనుక త్వరగా చేరడం వల్ల చాలా మేలు.

కాన్పు నాడు పిల్లల వెంట వెళ్లాలా, ఆమె దగ్గర ఉండాలా అన్నది ఇప్పుడే ఆమెతో మాట్లాడి ఉంచుకో. మా కవల కొడుకులిద్దరిలో ఒకడు ముందు ఇంటికి వచ్చి, రెండోవాడు ఆసుపత్రిలోనే ఉండిపోయిన సంగతి నీకు తెలుసు. ఒకే రోజున ఒకరికి సంతోషించి, ఇంకొకరికి భయపడవలసి వస్తుంది. అది తప్పు కాదు. ఐసీయూలో బిడ్డను ఛాతీకి ఆనించి పట్టుకోవడం తండ్రి కూడా చేయవచ్చు, నర్సులను అడుగు.

ఆమె దగ్గర ఏ రిపోర్టూ దాచకు, ఆ దాపరికాన్ని ఆమె నీ ముఖంలోనే చదివేస్తుంది. నీ భయాన్ని మాత్రం నాకు రాయి, ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. చుట్టాలకు కబుర్లు చెప్పే పని మీ పిన్నికి అప్పగించు, ఆమెకది ఇష్టం కూడా.

తరువాతి స్కానింగు అవగానే ఇద్దరి బరువులూ రాసి పంపు.

ఇట్లు,
నీ బాబాయి