ఐదు రోజులకు ఒక్క నీడ చాలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వచ్చే నెలలో మీ పాఠశాలలో మూడో తరగతి పిల్లలకు ఒక వారం పాటు కృత్యాలతోనే బోధన జరపాలని నిర్ణయించారనీ, ఆ బాధ్యత నీకు అప్పగించారనీ, అందుకోసం ఇరవై రెండు కృత్యాలతో జాబితా సిద్ధం చేశావనీ తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన జాబితాను రెండుసార్లు శ్రద్ధగా చదివాను. అందులో పనికిరాని కృత్యం ఒక్కటీ లేదు. అయినా ఆ జాబితాను పక్కన పెట్టమనీ, ఒకే ఒక్క విషయం ఎంచుకుని ఐదు రోజులూ పిల్లలను మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికే తీసుకువెళ్ళమనీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట నేను కూడా రోజుకు నాలుగు కృత్యాల చొప్పున ఇటువంటి వారమే జరిపాను. పిల్లలు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు. మరుసటి వారం ఏం నేర్చుకున్నారని అడిగితే ఒకరు రంగు కాగితాలు కత్తిరించామన్నారు, ఇంకొకరు నీళ్ళలో గోళీలు వేశామన్నారు. చేసినదంతా వారికి గుర్తుంది గాని, ఎందుకు చేశారో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ తప్పు పిల్లలది కాదు. ఒక కృత్యం ముగియగానే తర్వాతి దానికి సామాను సర్దడంలో మునిగిపోయి, ఏం చూశారు, అలా ఎందుకు జరిగిందనుకుంటున్నారు అని అడగడానికి పది నిమిషాలైనా నేను మిగుల్చుకోలేదు. పిల్లవాడి చేతులు ఆగి నోరు తెరుచుకునే ఆ పది నిమిషాలలోనే చదువు జరుగుతుందని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

విషయంగా నీడను ఎంచుకోమని నా సూచన. దానికి ఖర్చు లేదు, ప్రతి పిల్లవాడికీ సొంత నీడ ఉంటుంది, పైగా ఒకే రోజులో అది కళ్ళ ముందే మారిపోతుంది. విత్తనాలు మొలకెత్తించడం కూడా మంచి విషయమే గాని, చిక్కుడు గింజ నేల పైకి రావడానికే దాదాపు వారం పడుతుంది. వారం మొదటి రోజున గింజ నాటిస్తే, పిల్లలు ఐదు రోజులూ మట్టిని చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

మొదటి రోజు ఏమీ బోధించకు. ఉదయం బడి మొదలవగానే ఒకరి నీడను మరొకరు తొక్కే ఆట ఆడించు, మధ్యాహ్నం అదే ఆట అదే చోట మళ్ళీ ఆడించు. ఉదయం నీడలు పొడవుగా ఉంటాయి కాబట్టి తొక్కడం సులువు. మధ్యాహ్నానికి నీడ కాళ్ళ దగ్గరికి ముడుచుకుపోతుంది కాబట్టి ఎంత పరుగెత్తినా దొరకదు. ఎవరో ఒక పిల్లవాడు ఇప్పుడు ఆట కుదరడం లేదు టీచర్ అంటాడు. వారమంతటికీ కావలసిన ప్రశ్న అదే. అది నీ నోట కాకుండా పిల్లల నోట వచ్చేవరకు ఓపిక పట్టు. సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు, రేపు ఏ గంటకు నీడ అన్నింటికన్నా పొట్టిగా ఉంటుందో ప్రతి ఒక్కరినీ ఊహించమని చెప్పి, ఆ ఊహను వారి చేతే కాగితం మీద రాయించి దాచిపెట్టు. ముందుగా ఊహించి పెట్టుకున్న పిల్లవాడు ఫలితం కోసం ఎదురుచూస్తాడు. ఊహించని పిల్లవాడు వచ్చిన ఫలితాన్ని చూసి ఊరుకుంటాడు.

రెండో రోజు మీద నీ శక్తినంతా పెట్టు. రోజంతా చెట్టు నీడ గాని భవనం నీడ గాని పడని చదునైన చోట, నేల మీద సరిగ్గా అర మీటరు ఎత్తు ఉండేలా ఒక కర్ర పాతించు. అది నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీస్తే సరిపోతుంది, ఆ పని పిల్లలే చేయగలరు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు గంటకు ఒకసారి, ఏడుసార్లు, నీడ కొన ఎక్కడ ఉందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, నీడ పొడవుకు సరిపడా కాగితపు పట్టీ కత్తిరించి, దాని మీద గంట రాయాలి. ప్రతిసారీ తరగతి అంతటినీ బయటికి తీసుకువెళ్ళనక్కరలేదు. నలుగురేసి పిల్లల జట్టు ఐదు నిమిషాలు వెళ్ళి వస్తే మిగిలినవారి పని ఆగదు. జట్టులో ఒకరు పట్టీని పట్టుకోవాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఇంకొకరు తిరిగి వచ్చి తరగతికి చెప్పాలి. ఈ పనులు రోజూ చేతులు మారాలి, లేకపోతే అందంగా రాసే పిల్లే ఎప్పుడూ రాస్తుంది, మాట్లాడని పిల్లవాడు ఎప్పుడూ పట్టీనే పట్టుకుంటాడు.

సాయంత్రం ఆ ఏడు పట్టీలను గంటల వరుసలో గోడకు పక్కపక్కనే నిలువుగా అంటించు. గ్రాఫ్ అనే మాట నువ్వు పలకకముందే పిల్లల ముందు ఒక గ్రాఫ్ నిలబడి ఉంటుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నీ కర్ర నీడ సరిగ్గా 50 సెంటీమీటర్లు ఉంటుంది, 30 డిగ్రీల ఎత్తున ఉంటే దాదాపు 87, 60 డిగ్రీల ఎత్తున అయితే 29. కాబట్టి పట్టీల కోసం కనీసం ఒకటిన్నర మీటరు పొడవున్న కాగితం సిద్ధంగా ఉంచుకో. ఇక్కడ నేను తరచుగా చూసిన ఒక పొరపాటు చెబుతాను. పిల్లల్లో కొందరు స్కేలును సున్నా దగ్గర కాకుండా ఒకటి దగ్గర ఆనించి కొలుస్తారు. వెంటనే సరిదిద్దకుండా, ఒకే పట్టీని రెండు జట్లు కొలిచి వేర్వేరు అంకెలు చెప్పేవరకు ఆగితే, తప్పు ఎక్కడ జరిగిందో వారే వెతికి పట్టుకుంటారు. అలా పట్టుకున్నవారు ఆ పొరపాటు మళ్ళీ చేయడం నేను చూడలేదు.

పొట్టి నీడ సరిగ్గా పన్నెండింటికి రాకపోతే నువ్వు కంగారు పడవద్దు. గడియారం విశాలమైన ప్రాంతమంతటికీ ఒకే సమయం చూపిస్తుంది గాని, సూర్యుడు ఆకాశంలో తన గరిష్ఠ ఎత్తుకు చేరే క్షణం ఒక్కో ఊరికి ఒక్కో విధంగా ఉంటుంది. రేఖాంశం ఒక డిగ్రీ మారితే నాలుగు నిమిషాల తేడా వస్తుంది, దానికి తోడు ఏడాది పొడవునా కొద్ది నిమిషాల హెచ్చుతగ్గులు ఉంటాయి. మూడో తరగతికి ఈ వివరం చెప్పనక్కరలేదు, కానీ కొలత తప్పయి ఉంటుందని చెప్పి పిల్లలు నిజాయితీగా రాసిన అంకెను కొట్టివేయకుండా ఉండాలంటే ఇది నీకు తెలిసి ఉండాలి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదనే నియమాన్ని మాత్రం మొదటి రోజు నుంచి ప్రతిసారీ గుర్తు చెయ్యి. ఈ విషయంలో విసుగు పనికిరాదు.

మూడో రోజు గది చీకటి చేసి, నేల మీద నిలబెట్టిన బొమ్మల నీడలు టార్చి లైటుతో నేల మీదే పడేలా వేయించు. టార్చిని ఎత్తితే నీడ పొట్టిదవుతుంది, దించితే సాగుతుంది. ముందురోజు ఆరుబయట చూసినదానికి కారణం ఇక్కడ వారి చేతిలోకే వస్తుంది. మబ్బు పట్టి రెండో రోజు నీడ కనిపించకపోతే ఈ పనిని ముందుకు జరిపి, కర్ర పనిని మర్నాటికి వాయిదా వెయ్యి. ఐదు రోజుల పట్టికను పెన్సిలుతోనే రాసుకోమని నేను అందుకే అంటాను.

నీ తరగతిలో చూపు మందగించిన పాప ఉన్నదని రాశావు. ఎండ పడిన నేలకూ నీడ పడిన నేలకూ వేడిలో ఉన్న తేడా అరచేతికి స్పష్టంగా తెలుస్తుంది. నీడ అంచును ఆ పాప అరచేతితో వెతకాలి, పొడవును దారంతో కొలిచి ముడి వేయాలి. అదే పని మిగిలిన పిల్లల చేత కళ్ళు మూయించి చేయించు, అప్పుడు ఆ పాపకు వేరే పని ఇచ్చినట్లు ఉండదు.

నువ్వు ప్రశ్నలు అడిగే తీరు గురించి కొంత చెప్పాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో తరగతి గదుల సంభాషణలను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఆగినప్పుడు పిల్లల జవాబులు పొడవుగా వస్తున్నాయనీ, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా ముందుకు వస్తున్నారనీ గుర్తించింది. మూడు సెకన్లు వినడానికి చిన్న సమయమే, కానీ ముప్ఫై మంది నీ వైపే చూస్తుండగా మౌనంగా నిలబడడం మొదట చాలా కష్టంగా ఉంటుంది. మనసులో మెల్లగా అయిదు వరకు లెక్కపెట్టుకో. జవాబు వచ్చాక కూడా వెంటనే సరే, బాగుంది అనకుండా, అలా ఎందుకు అనుకుంటున్నావు నాన్నా అని అడిగి మళ్ళీ ఆగు.

నాలుగో రోజు రాతకు కేటాయించు. తాను ఏం ఊహించాడో, ఏం చూశాడో, ఇప్పుడు ఏమనుకుంటున్నాడో ప్రతి పిల్లవాడూ రాయాలి. రాయలేనివారు బొమ్మ గీసి నీకు చెబితే, వారి మాటలను మార్చకుండా వారు చెప్పినట్లే కింద రాసిపెట్టు. మొదటి చిత్తుప్రతి మీద ఎర్ర సిరా పడనివ్వకు. ఒత్తులు, దీర్ఘాలు మధ్యాహ్నం సాపు రాసేటప్పుడు సరిదిద్దవచ్చు. ఉదయమే దిద్దితే, తప్పు పోతుందన్న భయంతో తమకు రాయడం వచ్చిన మాటలనే పిల్లలు ఆలోచిస్తారు.

ఐదో రోజు తల్లిదండ్రులు వస్తారని రాశావు. పిల్లల చేత ముందుగా వల్లె వేయించిన ప్రసంగాలు దయచేసి పెట్టవద్దు. ప్రతి పిల్లవాడూ తన ఇంటివారిని కర్ర దగ్గరికి తీసుకువెళ్ళి, ఒక గంట చెప్పి, నీడ కొన ఎక్కడ పడుతుందో ఊహించి సుద్దతో గుర్తు పెట్టమని అడగాలి, ఆపై గోడ మీది పట్టీతో సరిచూడాలి. పెద్దల ఊహ తప్పినప్పుడు, ఎందుకు తప్పిందో వివరించే అవకాశం పిల్లవాడికి దక్కుతుంది. ఆ వివరణ వింటూ పక్కన నిలబడితే, ఎవరికి ఎంత అర్థమైందో ఏ పరీక్షా అవసరం లేకుండానే నీకు తెలిసిపోతుంది.

వారం ముగిశాక కూడా కర్రను వెంటనే పీకించవద్దు. నేర్చినదానిలో చాలా భాగం మొదటి కొద్ది రోజుల్లోనే జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. అందువల్ల వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, పది నిమిషాలు కేటాయించి అదే గంటకు అదే కర్ర నీడను మళ్ళీ కొలిపించు. నెల గడిచేసరికి సూర్యుడి ఎత్తు మారుతుంది కాబట్టి కొత్త పట్టీ పాతదానితో సాధారణంగా సరిపోదు, అప్పుడు వారికి ఇంకో కొత్త ప్రశ్న పుడుతుంది.

ఇదంతా పిల్లలతో చేయడానికి ముందు ఒక సెలవు రోజున ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు నువ్వే ఒంటరిగా ఆ చోట కర్ర పాతి ఏడు కొలతలూ తీసి చూడు. ఏ వేళకు ఏ గోడ నీడ అడ్డం వస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆ ఏడు అంకెలనూ గంటలతో సహా నాకు రాసి పంపితే, కర్రను ఎక్కడికైనా జరపవలసిన అవసరం ఉందేమో మనిద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరే పెద్దమ్మ