ఓడలో వైన్ టేస్టింగ్: మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: మొదటిసారి క్రూజ్‌కి వెళ్తున్నాం. డ్రింక్స్ ప్యాకేజీ కొన్నాం. వైన్ టేస్టింగ్ కూడా అందులోనే వస్తుందా? ముందే బుక్ చేసుకోవాలా?

జవాబు: చాలా ఓడల్లో రాదండీ. ప్యాకేజీ వర్తించేది బార్లోనూ భోజనాల హాల్లోనూ గ్లాసు లెక్కన పోసే డ్రింకులకు. టేస్టింగ్‌కి తలకింత అని విడిగా రుసుము ఉంటుంది, అది మీ కేబిన్ ఖాతాలో పడుతుంది. దాని మీద సర్వీస్ చార్జీ వేస్తారా, ముందే కలిపేశారా అన్నది బుక్ చేసేటప్పుడే అడగండి. చివరి రోజు బిల్లు చూసి ఉలిక్కిపడక్కర్లేదు.

ఇవి ఎక్కువగా ఓడ ఏ రేవులోనూ ఆగని రోజున, మధ్యాహ్నం పూట జరుగుతాయి. సీట్లు కొన్నే కాబట్టి ఓడ ఎక్కిన రోజే యాప్‌లోనో గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లోనో పేరు రాయించుకోండి. రెండు మూడు రకాల టేస్టింగులు ఉంటే పోసే వైన్ల జాబితా అడిగి ఎంచుకోండి. ఒకే ద్రాక్ష రకంతో వేర్వేరు దేశాల్లో చేసిన వైన్లను పక్కపక్కన పెట్టే టేస్టింగ్ కొత్తవారికి బాగా పనికొస్తుంది. ‘ప్రీమియం’ పేరుతో ఒకదానికొకటి సంబంధం లేని అయిదు ఖరీదైన సీసాలు తెరిస్తే డబ్బు ఖర్చవుతుంది గానీ పోల్చి చూడటానికి ఏమీ మిగలదు. వయసు సంగతి కూడా చూసుకోండి: ఉత్తర అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడల్లో సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, యూరప్ ప్రయాణాల్లో చాలా కంపెనీలు 18 ఏళ్లకే అనుమతిస్తాయి.

ప్రశ్న: వరసగా అయిదారు వైన్లంటే మత్తెక్కదా? ఉమ్మేస్తే తప్పుగా అనుకుంటారా?

జవాబు: లెక్క చూడండి. టేస్టింగ్‌లో ఒక్కో వైన్ 30 నుంచి 60 మి.లీ. దాకా పోస్తారు. 45 మి.లీ. చొప్పున అయిదు వైన్లంటే 225 మి.లీ., అంటే రెస్టారెంట్‌లో ఇచ్చే 150 మి.లీ. గ్లాసు లెక్కన గ్లాసున్నర. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్లయితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ సుమారు 23 గ్రాములు. గంటలోపే, అదీ ఖాళీ కడుపుతో తాగితే తేడా తప్పకుండా తెలుస్తుంది. అందుకే ముందు ఏదైనా తిని వెళ్లండి.

ఉమ్మేయడం తప్పేమీ కాదు, వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు చేసేది అదే. బల్ల మీద బకెట్ లేకపోతే అడగండి, కనీసం లోపలిది బయటికి కనిపించని పేపర్ కప్పయినా ఇస్తారు. నోట్లోకి తీసుకునేది ఒక టేబుల్‌స్పూన్‌కి మించకూడదు. పెదాలు ‘ఊ’ అన్నట్టు బిగించి, ఒక్క ఊపున సన్నటి ధారగా వదలాలి. మొహమాటపడి నెమ్మదిగా వదిలితేనే గడ్డం మీద కారుతుంది. ఓడ ఊగుతుంటే దూరం నుంచి గురి చూడకుండా కప్పునే నోటి దగ్గరికి తెచ్చుకోండి. గ్లాసులో మిగిలింది కూడా అదే బకెట్‌లో పారబోయవచ్చు, ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న: అక్కడ చెప్పేవాళ్లు బ్లాక్‌బెర్రీ, తోలు, పొగాకు అంటూ ఏవేవో వాసనలు చెబుతారట. నాకు ద్రాక్ష వాసన తప్ప ఏదీ తెలియదు. అసలు రుచి ఎలా చూడాలి?

జవాబు: ఆ వాసనల పట్టీని పక్కన పెట్టండి. మొదటిసారి వెళ్లేవారు చూసుకోవాల్సినవి నాలుగే: పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్ వేడి. మింగాకనో ఉమ్మాకనో నోట్లో నీరు ఎంతగా ఊరుతోందో చూస్తే పులుపు తెలుస్తుంది. చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు పట్టేసినట్టు ఆరిపోతే అది వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల అలా అవుతుంది. ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి దాంట్లోనే ఇది ఎక్కువ. గొంతులో దిగేటప్పుడు వేడి తగిలితే ఆల్కహాల్ ఎక్కువన్నమాట. ఈ నాలుగింటికీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని కాగితం మీద రాసుకోండి. రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో కూడా పక్కన వేయండి.

గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడి వైన్‌కి తగులుతుంది. 1977 నాటి ఐఎస్‌ఓ ప్రమాణం ప్రకారం టేస్టింగ్ గ్లాసు సుమారు 215 మి.లీ. పడుతుంది, అందులో పోసేది 50 మి.లీ. మాత్రమే. మిగతా ఖాళీ అంతా వాసన నిలవడానికే. ముందు కదపకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత గ్లాసు అడుగును బల్లకి ఆనించి, రెండు వేళ్లతో నొక్కి చిన్న సున్నాలు చుట్టండి. కదిలే ఓడలో గ్లాసును గాల్లో తిప్పితే పక్కవారి చొక్కా మీద పడుతుంది. గ్లాసు లోపలి గోడల మీద జారే ధారలు చూసి వైన్ గొప్పదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆల్కహాల్ ముందుగా ఆవిరవడంతో తలతన్యతలో వచ్చే తేడా వల్ల అవి ఏర్పడతాయని 1855లోనే జేమ్స్ థామ్సన్ వివరించాడు. నాణ్యతకీ వాటికీ సంబంధం లేదు.

తెల్ల వైన్ 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్, ఎర్రది 15 నుంచి 18 మధ్య ఉంటే బాగుంటుంది. మరీ చల్లగా ఇస్తే తెల్ల వైన్‌కి వాసనే రాదు. అప్పుడు మాత్రం గిన్నెను అరచేతుల్లో పట్టుకుని కాసేపు ఆగండి. ఎర్ర వైన్ గది వేడికి వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. సీసాను కొద్ది నిమిషాలు ఐసు బకెట్‌లో పెట్టమని అడగడంలో తప్పులేదు.

పక్కన పెట్టే చీజ్‌తో జాగ్రత్త. దాని కొవ్వు, ప్రోటీన్ కలిసి వగరును కప్పేస్తాయి, సాదా ఎర్ర వైన్ కూడా మెత్తగా అనిపిస్తుంది. అమ్మేవారికి ఈ సంగతి బాగా తెలుసు! మొదటి గుక్క చీజ్ లేకుండానే తీసుకోండి. ప్రతి గ్లాసులోనూ కొంచెం మిగుల్చుకుని, చివరి వైన్ అయ్యాక మళ్లీ మొదటి దానికి రండి. గాలి తగిలాక అది ఎంత మారిందో అప్పుడు తెలుస్తుంది. ఆ రోజు సెంటు పూసుకోవద్దు, మీ ముక్కుకే కాదు, బల్ల చుట్టూ ఉన్నవారి ముక్కులకీ అడ్డమే. వెళ్లే ముందు అరగంట కాఫీ, టూత్‌పేస్టు, పిప్పరమెంటు లేకుండా ఉండండి.

ప్రశ్న: నాకు ఓడలో కడుపులో తిప్పుతుంది, మాత్ర వేసుకుంటాను. టేస్టింగ్‌కి వెళ్లొచ్చా?

జవాబు: మాత్ర పనిచేస్తున్నంత సేపూ వద్దు. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్, ప్రోమెథజైన్ వంటి మందులు మగత తెస్తాయి, ఆల్కహాల్ తోడైతే ఆ మగత బాగా పెరుగుతుంది. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీకీ ఇదే వర్తిస్తుంది. చర్మంలో చేరిన మందు పట్టీ పీకేసినా కొన్ని గంటలు పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి టేస్టింగ్ కోసమని పట్టీ తీసేయకండి. ఏ మందు ఎంతసేపు ఉంటుందో ఓడలోని డాక్టరును అడగండి.

ప్రశ్న: మేం శాకాహారులం. వైన్‌లో జంతు సంబంధమైనవి ఏమైనా కలుస్తాయా?

జవాబు: కొన్ని వైన్ల తయారీలో వాడతారు. వైన్ తేటపడటానికి గుడ్డు తెల్లసొన, పాల నుంచి తీసిన కేసిన్, జెలటిన్, చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వేస్తారు. మడ్డితో పాటు అవీ అడుగుకి దిగిపోతాయి, అయినా వాడినట్టే కదా. వాటి బదులు బెంటోనైట్ మట్టి వాడేవాళ్లూ ఉన్నారు. సీసా మీద వేగన్ గుర్తు ఉంటే నిశ్చింత. టేస్టింగ్ బల్ల దగ్గర అడిగితే సొమెలియేకి (వైన్లు పోసి వివరించే నిపుణుడికి) అప్పటికప్పుడు తెలియకపోవచ్చు, కాబట్టి బుకింగ్ అప్పుడే చెప్పండి. చీజ్ సంగతి కూడా అడగండి: పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్‌ని దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థంతోనే) చేస్తారు.

ప్రశ్న: పోసిన వైన్ చెడిపోయిందో, నాకే నచ్చలేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ దోషం. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం వల్ల వస్తుంది, గ్లాసు ఎంత తిప్పినా పోదు. అగ్గిపుల్ల గీసినట్టున్న గంధకపు వాసన తిప్పితే చాలావరకు పోతుంది, అది దోషం కాదు. కోసి వదిలేసిన యాపిల్ వాసన వేస్తూ, తెల్ల వైన్ గోధుమ రంగుకి తిరిగి ఉంటే గాలి తగిలి పాడైనట్టు (షెర్రీ లాంటి కొన్ని వైన్లను కావాలనే అలా చేస్తారు, వాటి మాట వేరు). అనుమానం వస్తే ‘ఇంకో సీసాలోది చూపిస్తారా’ అని అడగండి చాలు. పాత ఎర్ర వైన్‌లో ఓడ కదలికకి మడ్డి లేస్తుంది. హాని లేదు గానీ చేదు తగులుతుంది, చివరి గుక్క వదిలేయండి.

ప్రశ్న: నచ్చిన సీసా అక్కడే కొనేయాలా?

జవాబు: చివర్లో ఆర్డర్ కాగితం చేతికిస్తారు, దాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. రాత్రి భోజనంతో ఆ వైన్ తెప్పించుకుని చూడండి. సీసా మిగిలిపోతే చాలా ఓడల్లో కేబిన్ నంబరు రాసి మర్నాటికి దాచిపెడతారు. రేవుల్లో కొన్న సీసాలను ఓడ ఎక్కేటప్పుడు తీసుకుని, ప్రయాణం చివర్లో తిరిగి ఇవ్వడం చాలా కంపెనీల పద్ధతి, రసీదు పోగొట్టుకోకండి. ఆ తర్వాత విమానం ఎక్కాల్సి ఉంటే సీసాను బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి.