యుద్ధ పద్యానికి గణవిభజన

చిరంజీవికి,

వీరరసం కాబట్టి కవి శార్దూలమనే వృత్తం ఎంచుకున్నాడని, యుద్ధ పద్యం మీద నీ వ్యాసం మొదట్లోనే తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్. శ్రీకాళహస్తీశ్వర శతకం నిండా శార్దూల మత్తేభాలే, అక్కడ కత్తులేం లేవు.

అర్థం జోలికి పోకుండా ముందు నాలుగు పాదాలకూ గురులఘువులు (పొడవుగా పలికే అక్షరాలు గురువులు, పొట్టివి లఘువులు) వెయ్యి. ఒత్తున్న అక్షరాన్నే గురువనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు; గురువయ్యేది దాని ముందక్షరం. 'యుద్ధము'లో గురువు యు; ద్ధ, ము లఘువులు. అంటే ఈ మూడక్షరాల గుంపు భగణం. 'సమరము' నాలుగు లఘువులు. 'సంగ్రామంబు'లో మూడు గురువులు, ఒక లఘువు.

ఇప్పుడు వృత్తాల (గణాల వరుస ప్రతి పాదంలోనూ ఒకటే అయిన పద్యాల) ఎత్తుగడ చూడు. ఉత్పలమాల భగణంతో, చంపకమాల నాలుగు లఘువులతో, శార్దూలం మగణంతో, అంటే మూడు గురువులతో, మొదలవుతాయి. పాదం మొదట్లో ఒక మాట చోట ఇంకొకటి పట్టదు. అలాంటప్పుడు 'సమరము' అనడంలో ఏదో సున్నితత్వం ఉందని రాస్తే, ఛందస్సు చేసిన పనిని కవికి అంటగట్టినట్టే.

ప్రాస ఇంకా గట్టిగా బిగిస్తుంది. ఉత్పలమాల 'యుద్ధము'తో మొదలైతే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం ద్ధ కావాలి. బద్ధ, సిద్ధ, వృద్ధ, క్రుద్ధ... నిఘంటువులో ఉన్నవే కొన్ని. ఆ 'క్రుద్ధుడు' కోపం కోసం వచ్చాడా, ప్రాస కోసం వచ్చాడా? పద్యంలో ఇంకెక్కడా కోపం కనిపించకపోతే రెండోదే అనుకో.

కవి ఇష్టం తెలిసేది పాదం మధ్యలో, యతిస్థానం (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు) కాని చోట. 'యుద్ధము', 'కయ్యము' రెండూ భగణాలే. అక్కడ 'కయ్యము' వేశాడంటే పోరును కావాలనే చిన్నది చేశాడన్నమాట. దాని మీద ఒక పేరా రాయి, ఎవరూ కాదనరు.

యతి దగ్గర ఊపిరి ఆగుతుందని కూడా రాశావు. సంస్కృతంలో యతి విరామం. మనకు అది అక్షరమైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం మొదటిదానితో కలవాలి, అంతే. మాట మధ్యలో పడినా దోషం కాదు. ఆగే చోటు తెలియాలంటే క్రియల కింద గీతలు గియ్యి. క్రియ పాదాంతంలో పడితే నడక నిలుస్తుంది, తర్వాతి పాదం మధ్యకు జారితే దెబ్బమీద దెబ్బలా సాగుతుంది.

మత్తేభంతో పోలిక పెట్టాలనుకుంటే జాగ్రత్త. శార్దూలం మొదటి గురువును రెండు లఘువులు చేస్తే మత్తేభమే, మిగతా నడకంతా ఒకటే. కనుక నీ పోలిక ఆ తొలి అడుగు దాటకూడదు.

ఈసారి గణాలు వేసిన కాగితం కూడా జతచేసి పంపు.