స్కామ్ కేసుల లాయర్ల దగ్గర చేరతానంటున్న అమ్మాయి, నిద్రపట్టని నాన్న

ప్రశ్న: నేను ప్రభుత్వ బ్యాంకులో సీనియర్ మేనేజర్‌ని, కూకట్‌పల్లిలో ఉంటాం. మా అమ్మాయి బీబీఏ ఎల్‌ఎల్‌బీ ఫైనల్ ఇయర్. హిమాయత్‌నగర్‌లో ముగ్గురు లాయర్లు కలిసి నడిపే చిన్న ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసింది, వాళ్లు ఈడీ, సీబీఐ కేసుల్లో నిందితుల తరఫున వాదిస్తారు. ఇప్పుడు అక్కడే జూనియర్‌గా చేరతానంటోంది. గచ్చిబౌలిలో ఒక ఫారిన్ బ్యాంకు నుంచి ఏఎంఎల్ అనలిస్ట్ (మనీలాండరింగ్‌ని, అంటే నేరం డబ్బుని సక్రమమైన డబ్బులా మార్చడాన్ని పసిగట్టే పని) ఆఫర్ కూడా చేతిలో ఉంది. రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. జనం డబ్బు తిన్నవాళ్లని కాపాడే పని ఆడపిల్లకి అవసరమా? రేపు ఆ కేసులు మా ఇంటిదాకా వస్తే?

జవాబు: సార్, పోల్చమన్నారు, పోలుస్తాను, కానీ మీ అసలు భయం ఆఖరి వాక్యంలో ఉంది, అది తీరకుండా నేను జీతాల లెక్క ఎంత చెప్పినా మీకు ఎక్కదు. ఇలాంటి ప్రశ్న నన్ను చాలామంది పేరెంట్స్ అడిగారు, అందరూ ఆడపిల్ల అని మొదలుపెట్టి ఈడీ వాళ్లు ఇంటికొస్తే ఎలా అనే దగ్గర ఆగుతారు.

లాయర్ పని లాయర్‌లా చేసినంతకాలం ఆ భయం అక్కర్లేదు. క్లయింట్ తన లాయర్‌కి చెప్పుకున్న మాటకి చట్టంలోనే రక్షణ ఉంది, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 126, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో 132. 2025 జూన్‌లో ఈడీ ఇద్దరు సీనియర్ అడ్వకేట్లకి సమన్లు పంపితే లాయర్లు గట్టిగా గొడవ చేశారు, ఈడీ వెనక్కి తీసుకుంది. లాయర్లకి సమన్లు పంపే వ్యవహారాన్ని సుప్రీంకోర్టు సుమోటోగా, అంటే తనంతట తానే తీసుకుని, క్లయింట్ సంగతులు చెప్పమని లాయర్లని ఇష్టమొచ్చినట్టు పిలవడానికి లేదని ఆ ఏడాది అక్టోబర్‌లో తేల్చింది. ఆ రక్షణ పోయేది లాయరే నేరంలో చెయ్యి పెట్టినప్పుడు. అందుకే మీ అమ్మాయికి ఇప్పుడే గట్టిగా చెప్పండి, క్లయింట్ డబ్బు తన అకౌంట్లోకి రానివ్వకూడదు, క్లయింట్ కంపెనీ కాగితాల మీద సాక్షిగా కూడా సంతకం పెట్టకూడదు, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే.

ఇంక ఆ జనం డబ్బు తిన్నవాళ్లు అనే మాట. కటువుగా అంటున్నా, ఏమనుకోకండి, బ్యాంకులో ఉండి మీరు ఈ మాట రాయకూడదు సార్. కంపెనీ లోన్ ఎగ్గొడితే కేసులో ఎవరెవరి పేర్లు వస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు, ఎండీ, పేరుకి మాత్రమే డైరెక్టర్‌గా ఉన్న ఆయన భార్య, వాల్యుయేషన్ రిపోర్ట్ ఇచ్చినాయన, ఆ కింద ఎక్కడో శాంక్షన్ ఫైల్ మీద సంతకం పెట్టిన బ్రాంచ్ మేనేజర్. ఆ మేనేజర్ లంచం తిన్నాడా, పైవాళ్ల ఒత్తిడికి పెట్టాడా, రోజుకి పది ఫైళ్లలో చూడకుండా పెట్టాడా అనేది తేలేది కోర్టులో, అక్కడ ఆయన తరఫున నిలబడి మాట్లాడే మనిషి ఉండాలా వద్దా? మన ఊరి సత్యం కంప్యూటర్స్ కేసే చూడండి, లెక్కలు తప్పుగా చూపించామని చైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న లెటర్ 2009 జనవరిలో బయటపడింది, 2015 ఏప్రిల్‌లో ఇక్కడి స్పెషల్ కోర్టు పదిమందికి శిక్ష వేసింది, అందులో కంపెనీ పెద్దలతో పాటు ఆడిటర్లున్నారు, మామూలు ఉద్యోగులుగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. అంతమందినీ ఒకే గాట కట్టి వాదిస్తే కుదరదు కదా.

పైగా మనీలాండరింగ్ చట్టం (పీఎంఎల్ఏ) కింద కేసు మామూలు క్రిమినల్ కేసులా ఉండదు. సెక్షన్ 45 ప్రకారం బెయిల్ రావాలంటే ఈ మనిషి నేరం చేసి ఉండడనీ, బయటికొస్తే మళ్లీ చేయడనీ జడ్జికి నమ్మకం కలగాలి, అంటే ట్రయల్ మొదలవకముందే సగం కేసు గెలవాలన్నమాట. సెక్షన్ 50 కింద ఈడీ ఆఫీసులో కూర్చోబెట్టి రాయించుకున్న స్టేట్‌మెంట్‌ని సాక్ష్యంగా వాడొచ్చు. 2022లో విజయ్ మదన్‌లాల్ తీర్పులో సుప్రీంకోర్టు వీటిని సమర్థించింది. తర్వాత 2023 అక్టోబర్‌లో పంకజ్ బన్సల్ కేసులో మాత్రం, ఎందుకు అరెస్టు చేస్తున్నారో కాగితం మీద రాసివ్వాల్సిందేనని చెప్పింది. డిఫెన్స్ లాయర్లు పట్టుబట్టి వాదించబట్టే అది వచ్చింది. బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది, నిందితుడు నేరం చేశాడని లాయర్‌కి మనసులో ఏమనిపించినా అతని తరఫున వాదించడం లాయర్ డ్యూటీ అని. మీ అమ్మాయి ఎంచుకున్నది ఈ పని, చిన్నతనం చేయకండి.

నాకు నిజంగా కోపం వచ్చింది ఎక్కడంటే, అంత పెద్ద మెయిల్‌లో ఆ ముగ్గురు లాయర్ల గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు! చూడాల్సింది వాళ్లనే. ఇలాంటి చిన్న ఆఫీసు బాగా నడవాలంటే నా ఉద్దేశంలో ఒకరికి అకౌంట్స్ రావాలి, సీఏ చేసి లా చదివినవాళ్లయితే మరీ మంచిది, ఎందుకంటే కేసంతా డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కి పోయిందనే దాంట్లోనే ఉంటుంది. ఇంకొకరు నాంపల్లి కోర్టుల్లో ఏళ్లతరబడి సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేసినవాళ్లై ఉండాలి. మూడో మనిషి హైకోర్టుకి పిటిషన్ డ్రాఫ్ట్ చేయగలగాలి, ఈడీ ఆస్తులు అటాచ్ (తాత్కాలిక జప్తు) చేస్తే దాన్ని ఆ చట్టం కింద ఉన్న అథారిటీ 180 రోజుల్లో ఖాయం చేయాలి, ఆ తేదీలు వేళ్ల మీద ఉండాలి. ఈ మూడు పనులూ ఒకే గదిలో చూసే అవకాశం పెద్ద ఫర్మ్‌లో జూనియర్‌కి అంత తొందరగా రాదు, అక్కడ ఏడాదంతా ఒకే రకం కాగితాలు చదివించొచ్చు. కానీ ముగ్గురూ బెయిల్ పిటిషన్లే వేసి ట్రయల్‌ని వేరేవాళ్లకి అప్పగించే రకమైతే నేను వద్దంటాను. అమ్మాయి ఇంటర్న్‌షిప్ చేసింది కదా, అడగండి, తను రాసిన డ్రాఫ్ట్‌ని ఎవరైనా కూర్చోబెట్టి దిద్దారా, ఛార్జిషీటుతో వచ్చే వేల పేజీల డాక్యుమెంట్లు తనని చదవనిచ్చారా, లేక జిరాక్స్ తీయించి పంపేశారా?

గచ్చిబౌలి ఉద్యోగం గురించి నా డౌట్లు నావి. ఏఎంఎల్ ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది, లా పిల్లలూ బీకామ్ పిల్లలూ అందరూ సర్టిఫికెట్ల వెంట పడుతున్నారు, ఫైనాన్షియల్ క్రైమ్ స్పెషలిస్ట్ అని ప్రొఫైల్‌లో పెట్టుకుంటున్నారు. మొదట్లో చేసే పని చాలాచోట్ల సిస్టమ్ ఇచ్చిన అలర్ట్‌ని చూసి ఇది మామూలు ట్రాన్సాక్షనా అనుమానించాల్సిందా అని నోట్ రాసి మూసేయడం, రోజుకి ఇన్ని అని టార్గెట్. కస్టమర్లు అమెరికా వాళ్లో ఇంగ్లాండ్ వాళ్లో అయితే రూల్స్ కూడా అక్కడివే, మన పీఎంఎల్ఏ పుస్తకం తెరిచే పని పడదు. ఐదేళ్ల లా చదువుని దానికి ఖర్చుపెట్టడం నాకు మింగుడు పడట్లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగంలో చేరితే అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయడానికి లేదు, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ఉంటే సనదు (లాయర్ లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి. రెండు మూడేళ్లు చేసి వస్తుందిలే అంటారు, జీతానికి అలవాటుపడ్డాక మళ్లీ నాంపల్లిలో జూనియర్‌గా మొదటి మెట్టు ఎక్కడం చాలా కష్టం. వైట్ కాలర్ క్రైమ్ (ఇలాంటి ఆర్థిక నేరాలు) అని ఆన్‌లైన్ డిప్లొమాలు కూడా అమ్ముతున్నారు, సీనియర్ దగ్గర ఒక పూర్తి ట్రయల్ చూసేదాకా దానికి డబ్బు కట్టొద్దు.

డబ్బు విషయంలో మాత్రం గచ్చిబౌలిదే పైచేయి, దాచేదేం లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సిటీల్లో జూనియర్లకి నెలకి కనీసం 20 వేలు ఇవ్వమని సర్క్యులర్ పంపింది, అది సూచనే, అందరూ ఇవ్వాలని లేదు. ఇంట్లో అమ్మాయి జీతం మీద ఆధారపడే పరిస్థితి ఉంటే బ్యాంకులో చేరడం తప్పేం కాదు. మీ ఇంట్లో ఆ పరిస్థితి ఉన్నట్టు నాకనిపించలేదు, ఉన్నదల్లా చుట్టాలు ఏమంటారో, సంబంధాలప్పుడు ఏం చెప్పుకోవాలో అనే బెంగ. క్రిమినల్ లాయర్ అని చెప్పండి సార్, తలెత్తుకుని చెప్పండి. మీ అమ్మాయి తెలివిగానే ఆలోచించింది, రెండు ఆఫర్లు తెచ్చుకున్న పిల్ల దారి తప్పదు.

ఒక్కటి మాత్రం మొదటిరోజే చేయాలి. మీరు పనిచేసే బ్యాంకు ఏదో ఆ సీనియర్లకి అమ్మాయే చెప్పాలి, మీ బ్యాంకు కంప్లయింట్ ఇచ్చిన కేసు ఆ ఆఫీసుకి వస్తే ఆ ఫైల్ తన టేబుల్ మీదకి రాకూడదు, ఇంట్లో దాని గురించి మాట కూడా నడవకూడదు. ఇది వినగానే ఆ ముగ్గురు ఎలా తీసుకుంటారో చూస్తే వాళ్లెలాంటి లాయర్లో అమ్మాయికి అర్థమైపోతుంది. స్టైపెండ్ ఎంతో కూడా అప్పుడే నోరు తెరిచి అడగమనండి. వాళ్లు చెప్పిన అంకె, నెలకి మీరు కలపగలిగిన అంకె రెండూ నాకు రాయండి, మొదటి రెండేళ్ల ఖర్చు కూర్చుని లెక్కేద్దాం.