దొంగబుద్ధి రక్తంలో ఉంటాదా?

ప్రశ్న: నమస్తే అండి, మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పొలంలో మోటార్ పోయినా ఫలానా కులపోళ్ళ గుంటల్నే ముందు పిలుస్తారు, ఆళ్ళకి దొంగబుద్ధి రక్తంలోనే ఉంటాది అంటారు మా పెదనాన్న. నిజమేటి?

జవాబు: రక్తంలో ఉండేది హిమోగ్లోబిన్ బాబూ. పుట్టుకతోనే నేరస్తులుంటారని 1876లో ఇటలీ డాక్టర్ లాంబ్రోజో పుర్రెలూ దవడలూ కొలిచి మరీ పుస్తకం రాసేడు, తర్వాత అది నిలబడలేదు. బ్రిటిషోళ్ళయితే అంతకన్నా ముందే 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి కొన్ని కులాల్ని మొత్తంగా దొంగలని రాసేసేరు. 1952లో రద్దయింది గానీ ఆ మచ్చ జైలు మాన్యువల్స్‌లో, అంటే జైళ్ళ రూల్సు పుస్తకాల్లో, అలాగే ఉండిపోయింది, 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఒక జర్నలిస్టు వేసిన కేసులో కులం చూసి జైల్లో పని ఇవ్వడం, ఈ తెగలోళ్ళని అలవాటుపడ్డ నేరస్తులనడం రాజ్యాంగవిరుద్ధం అని తేల్చి రిజిస్టర్లలో కులం కాలమే తీసేయమంది. మరి దొంగతనం ఎందుకంటారా? అమెరికాలో సమాజశాస్త్రవేత్త మెర్టన్ 1938లో చెప్పింది నాకు నచ్చుతాది, డబ్బు సంపాదించమని సమాజం అందరికీ చెప్తాది, దారి మాత్రం కొందరికే ఇస్తాది అని. పెద్ద పెద్ద స్కాములు చేసే సూటుబూటోళ్ళకి ఇది అంత సరిపోదనుకోండి. పెదనాన్నగారికి ఇది చదివి వినిపించండి, ముందు టీ ఇచ్చి.