తోక కోయనక్కరలేని వాక్యం

చిరంజీవికి,

నీ ఇంగ్లీషు వ్యాసం, దానితోపాటు పంపిన ప్రశ్నల పట్టీ రెండూ అందాయి. వ్యాసం బాగుంది. పట్టీ చూస్తేనే జాలేసింది. వ్యాకరణం పేరు చెప్పి నిన్ను ఎవరో గట్టిగానే బెదిరించారు.

రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆమె ఎదురుచూస్తున్న ఉత్తరాన్ని మొదట ‘ద లెటర్ షి వాజ్ వెయిటింగ్ ఫర్’ అని రాశావు. తర్వాత కొట్టేసి ‘ఫర్ విచ్’ అంటూ తిప్పి రాశావు. కొట్టివేత కింద మొదటిది ఇంకా కనిపిస్తోంది, అదే బాగుంది. ప్రిపోజిషన్‌తో, అంటే ‘ఫర్’ లాంటి మాటతో, వాక్యం ముగియకూడదన్న పట్టింపును 1672లో కవి జాన్ డ్రైడెన్ బయటపెట్టాడు. తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతలో అది దోషమన్నాడు. అంతటితో ఊరుకోలేదు, తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేసినప్పుడు అందులోని తోకలు కూడా కోశాడు. లాటిన్ చొక్కా ఇంగ్లీషుకు తొడగాలనే ముచ్చట ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. ‘టు’కూ క్రియకూ మధ్య మరో మాట దూరకూడదన్న నియమం 19వ శతాబ్దంలో బలపడింది. దానిదీ అదే కోవ. చాదస్తులు చదివే దరఖాస్తుల్లో ఇవి పాటించు, కథల్లో వద్దు.

కామా సంగతి వేరు. వరసలో చివరి అంశానికి ముందు వచ్చే ‘అండ్’కో ‘ఆర్’కో ముందు పెట్టే ఆక్స్‌ఫర్డ్ కామా అవసరమా అని అడిగావు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక చట్టం ఉండేది. ఆహార పదార్థాలకు సంబంధించి ఏయే పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వనక్కరలేదో అది వరసపెట్టి చెప్పింది: డబ్బాల్లో నింపడం, ఎండబెట్టడం, నిల్వ చేయడం, ఇలా సాగి చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అంటుంది. షిప్‌మెంట్ తర్వాత కామా లేదు. మరి పంపిణీ విడిగా ఒక పనా, లేక ప్యాకింగ్ దేనికోసమో చెప్పే మాటా? ఓక్‌హర్స్ట్ డెయిరీ ట్రక్కు డ్రైవర్లు సరుకు పంచుతారు తప్ప ప్యాక్ చేయరు. తమ పని ఆ పట్టీలో లేదంటూ కోర్టుకెక్కారు. ఆ వాక్యం రెండర్థాలకు తావిస్తోందని 2017లో అప్పీలు కోర్టు వాళ్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడు కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. చట్టసభ ఆ వరసను తిరగరాస్తూ కామాలున్న చోటల్లా సెమికోలన్లు దింపింది. ఒకసారి చెయ్యి కాలినవాళ్ల జాగ్రత్త అది.

ఇదే తెలుగులో అయితే ‘పంపడానికి గానీ పంచడానికి గానీ ప్యాక్ చేయడం’ అంటాం, లేదా ‘ప్యాక్ చేయడం గానీ పంచడం గానీ’ అంటాం. మన ‘గానీ’ ప్రతి మాటకూ విడిగా అతుక్కుంటుంది కాబట్టి అర్థం జారిపోదు. ఇంగ్లీషులో ఒక్క ‘ఆర్’ మొత్తం వరసకూ కాపలా కాయాలి. అందుకే అక్కడ కామా మోసే బరువు ఎక్కువ. నేనైతే ఆ చివరి కామా ఎప్పుడూ పెడతాను.

‘దాని’ అనే అర్థంలో వాడిన ‘ఇట్స్’కు నాలుగుచోట్ల అపాస్ట్రఫీ పెట్టావు. ‘హిజ్’కూ ‘హర్’కూ ఆ కొమ్ము లేదు కదా, వాటి తోబుట్టువుకు మాత్రం ఎందుకు? విడదీసి ‘ఇట్ ఈజ్’ అని చదివితే అర్థం కుదిరినచోట పెడితే చాలు. 18వ శతాబ్దంలో బాగా చదువుకున్నవాళ్లు కూడా నీలాగే రాసేవారు. ఇది ఓదార్పు కోసం చెబుతున్నాను, సాకుగా వాడుకోకు.

కొటేషన్ గుర్తులు మూశాక ఫుల్‌స్టాపా, మూయకముందా? అమెరికన్లు లోపల పెడతారు, బ్రిటిష్‌వాళ్లు అర్థాన్ని బట్టి పెడతారు. ఏ సంపాదకుడికి పంపుతున్నావో చూసుకో.

నాకు బాగా నవ్వు తెప్పించింది నీ ‘హెడ్ ఓవర్ హీల్స్’. ప్రేమలో పడి ఒళ్లు తెలియని స్థితిలో ఉన్న అమ్మాయి గురించి రాశావు. మాట విడదీసి చూడు: మడమలకు పైన తల. అంటే మామూలుగా నిలబడ్డ మనిషే! పూర్వం ‘హీల్స్ ఓవర్ హెడ్’ అనేవారు, అది అసలైన పల్టీ. వాడగా వాడగా ఆ మాటే పల్టీ కొట్టింది. మన ‘తలకిందులు’ మాత్రం ఇంకా తలకిందులుగానే ఉంది. ‘ఏప్రన్’ కథా ఇలాంటిదే. ఒకప్పుడది ‘నేప్రన్’. ముందున్న ‘ఎ’తో కలిపి పలికేసరికి చెవి ఆ నకారాన్ని పక్కమాటకు అంటగట్టింది. సంధి తప్పుగా విడదీసినట్టన్నమాట. ఆ పొరపాటే నిఘంటువుకెక్కింది, ఇప్పుడు పాత రూపం రాస్తే నిన్నే తప్పుపడతారు.

రెండో పేజీ వాక్యాన్ని మొదట రాసినట్టే ఉంచి, నాలుగు కొమ్ములూ పీకేసి మళ్లీ పంపు. సెమికోలన్ల సంగతి వచ్చే ఉత్తరంలో మాట్లాడుకుందాం. చివరి పేజీలోనే పదకొండు లెక్కపెట్టాను.

ఆశీస్సులతో.